పులి పన్ను సంగతి

అడవిలో తాబేలు వైద్యుడి దగ్గర చీటీలు రాసే చిలుకకు నోట్లో మాట ఆగదు. చీటీలో జబ్బు రాయాలి కాబట్టి పులి దాని దగ్గరగా వంగి గుసగుసగా చెప్పింది.

"పన్ను ఊగుతోందే చిలకా. బయటికి పొక్కిందంటే నాకెవరూ భయపడరు. ఇక పస్తులే."

"అయ్యో మామా, నా ముక్కు దాటదు!"

పులి లోపలికి వెళ్లగానే చిలుక ఉడతకు చెప్పింది, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ. ఉడత అలాగే ఒట్లు వేయించుకుని ఇద్దరికి చెప్పింది. ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి చెప్పారు, వాళ్లూ అలాగే పాకించారు. పులి మందు తీసుకుని బయటికొచ్చేసరికి వాకిట్లో అరవై మూడు జంతువులు జాలిగా నిలబడి ఉన్నాయి.

"నమలలేవట కదా మామా, రాగిజావ తాగు" అంటూ జింకపిల్ల భయం లేకుండా గిన్నె అందించింది.

పులి చిలుక వైపు తిరిగింది.

చిలుక గబగబా లెక్క కట్టింది. "నేను చెప్పింది ఒక్కరికే మామా! మిగతా అరవై రెండు మందితో నాకేం సంబంధం?"

"నేనూ ఒక్కరినే తింటాలే" అంది పులి. "మెత్తగా ఉండేదాన్ని చూసి."

ఆనాటి నుంచి చిలుక చిటారుకొమ్మ మీదే కూర్చుని చీటీలు రాస్తోంది. ఎవరికేం జబ్బని అడిగితే, తనకసలు మాటలే రావంటోంది.