ఏడో నంబరు తాలూకు

“సగం పని పేషెంట్ల తాలూకు వాళ్ళే చేసుకుంటారు కదమ్మా! తినిపించేది వాళ్ళు, తుడిచేది వాళ్ళు, పక్కన కాపలా కూర్చునేది వాళ్ళు. సూదులూ మాత్రలూ తప్ప మీరు చేసేదేముంది, జీతాలు పెంచడానికి?”

ఆసుపత్రి మేనేజరు ఆ మాట అనగానే గదిలోని నర్సులంతా పెద్దక్క వైపు చూశారు. వార్డులో అందరికంటే సీనియరు ఆవిడే. అందరి తరఫునా తనే మాట్లాడతానని ముందే ఒప్పుకుంది కూడా. తీరా సమయానికి బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది.

నిజానికి జీతం పెరగాల్సిన అవసరం అందరికంటే ఆవిడకే ఎక్కువ. తండ్రి ఆవిడ చిన్నప్పుడే చెప్పాపెట్టకుండా ఇల్లొదిలి పోయాడు. తల్లీ కూతుళ్ళ ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోంది. నడవడమంటే మరీ నడక కాదు, దేకడం. చీమ తలకాయంత జీతం అంటే చీమకి కోపమొస్తుంది.

పెద్దక్క నోరు విప్పకపోయేసరికి తూటా ముందుకొచ్చింది. వార్డులో అందరికంటే చిన్నది. మాట పేలుతుందని ఆ పేరు పెట్టారు.

“తాలూకు వాళ్ళెవరూ లేని మంచం కూడా ఉంది సార్. మా ఏడో నంబరు!”

“ఆ ఉచిత మంచమా? ఎవరాయన?”

“ఎవరో తెలిస్తే పేరు పెట్టే పిలిచేవాళ్ళం కదా సార్! పక్షవాతమొచ్చి రోడ్డు మీద పడి ఉంటే ఎవరో తెచ్చి వదిలిపోయారు. మాట పడిపోయింది. చూడ్డానికి ఒక్క పురుగు రాలేదు. ఒళ్ళు తుడవడం, గడ్డం గీయడం, పక్క మార్చడం, అన్నీ పెద్దక్కే చేసింది. డ్యూటీ దిగాక కూడా ఉండి మరీ చేసింది. ఇవాళ పొద్దున పోయాడు. ఆ చాకిరీకి జీతం ఏదీ?”

పెద్దక్క తన చేతులు చూసుకుంటోంది.

ఏడో నంబరుకి నోట్లోంచి ఒక్క ముక్కే వచ్చేది. “బు... బు...” బువ్వ అడుగుతున్నాడని నర్సులు నవ్వుకునేవాళ్ళు. అదీ పెద్దక్క కనబడితేనే. “నిన్ను చూస్తే చాలక్కా, ముసలాయనకి కడుపు గుర్తొస్తుంది” అని తూటా ఏడిపించేది. పెద్దక్క నవ్వేది కాదు. జావ తెచ్చి, “బువ్వేగా? తిను” అని చెంచాతో పట్టేది. పొద్దున ఆయన కళ్ళు మూసినప్పుడు కూడా ఆవిడకి ఏమీ అనిపించలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మేనేజరు ఊరికే నమ్మే రకం కాదు. “ఎవరూ లేరని మీరంటే సరిపోతుందా? బతికుండగా రాని చుట్టాలు పోయాక బోలెడుమంది వస్తారు” అంటూ ఫోనెత్తాడు.

కాసేపటికి వరండాలో మైకు పలికింది. “ఏడో నంబరు తాలూకు వారు ఎక్కడున్నా కౌంటరు దగ్గరికి రావాలి.”

గదిలో ఎవరూ కదల్లేదు. “దేవుడా, ఎవరూ రాకూడదు” అని తూటా గొణుక్కుంది. ఒక మనిషి చావుకి అయినవాళ్ళు రాకూడదని మొక్కుకునే గతి పట్టింది పాపం ఆ పిల్లకి.

మైకు మళ్ళీ పిలిచింది. ఇంకోసారి పిలిచింది. కౌంటరు దగ్గరికి ఎవరూ రాలేదని కబురొచ్చింది.

మేనేజరు పెద్దక్క వైపు తిరిగాడు. “చూసుకున్నది నువ్వు కదమ్మా. నువ్వు చెప్పు. నిజంగా ఎవరూ లేరా?”

పెద్దక్క తలెత్తింది. నర్సులందరి కళ్ళూ ఆవిడ నోటి మీదే ఉన్నాయి.

“ఎవరూ లేరు సార్.”

గొంతులో తడి లేదు. ఆ పొడి గొంతే ఆయన్ని నమ్మించిందేమో. “సరే, అడిగినంత కాదు గానీ, అందులో సగం పెంచుతాను” అన్నాడు.

“సగం చెవుడనుకుంటా, సగమే వినబడింది” అని తూటా బయటికొచ్చాక విసిరింది. అందరూ పగలబడి నవ్వారు. పెద్దక్కని పట్టుకుని ఊపేశారు. ఏడో నంబరు పోతూ పోతూ మనకింత మేలు చేసి పోయాడన్నారు.

మధ్యాహ్నం దిక్కులేని శవాల బండి వచ్చింది.

“తాలూకు ఎవరూ లేరంట కదా. తీసుకుపోనా?” అన్నాడు బండివాడు.

పెద్దక్క దుప్పటి కాస్త పక్కకి లాగింది. నుదుటి మీద పడ్డ జుట్టు చేత్తో పైకి సర్దింది. మళ్ళీ కప్పేసింది.

“తీసుకుపో.”

ఇంటికొచ్చేసరికి తలుపు ఎప్పటిలాగే దగ్గరగా వేసి ఉంది. గడియ పెట్టలేదు. ఎవరైనా వస్తే తోసుకుని రావాలి కదా అంటుంది తల్లి. ఎవరొస్తారని కూతురు ఏనాడూ అడగలేదు.

“జీతం పెంచారా?” అంది తల్లి లోపలినుంచి.

“పెంచారు.”

“మరి ఆ మొహమేంటే బుజ్జీ?”

వార్డుకి పెద్దక్కయినా ఇంట్లో ఇంకా బుజ్జే. ఆవిడ చెప్పులు విప్పింది.

“మీ ఏడో నంబరు ఎలా ఉన్నాడు?” తల్లి రోజూ అడిగే మాటే.

“పొద్దున పోయాడు.”

“అయ్యో పాపం! పోయేటప్పుడైనా ఆయన తాలూకు వాళ్ళెవరూ లేరా?”

ఆవిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

“ఉన్నారు. ఏడో నంబరు తాలూకు వాళ్ళం మనమేనమ్మా.”