మూడో పరీక్ష

ఏడుపు మేడమ్ తలుపు తోసుకుని రావడం చూసి కుర్ర డాక్టరు గుండె జారిపోయింది.

అసలే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే కోర్సులోంచి నేరుగా ఇంటికే.

ఆ కోర్సు కోతలూ కుట్లూ నేర్పేది కాదు. అవన్నీ వచ్చినవాళ్ళకే సీటు. ఏ ఆపరేషన్‌కి ఎంత ఖర్చవుతుంది, దానివల్ల రోగికి ఒరిగేదేమిటి, ఆ సంగతి ఇంటివాళ్ళకి దాచకుండా ఎలా చెప్పాలి, ఇవీ అక్కడి పాఠాలు. "ఆశ అమ్మొద్దు. భయమూ అమ్మొద్దు. ఉన్నది చెప్పండి చాలు" అనేవాడు పెద్ద డాక్టరు.

పరీక్ష కూడా దానికి తగ్గట్టే ఉండేది. పెద్ద డాక్టరు సొంతంగా అల్లిన రోగి ఫైలు ఒకటి, ఆ రోగికి భార్యగా నటించడానికి మేడమ్. ఆవిడ ముప్ఫై ఏళ్ళు నాటకాలాడిన మనిషి. ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పరు. టీ తాగుతున్నవాడి ఎదురుగా వచ్చి కూర్చున్న రోజులున్నాయి. కూర్చుందంటే ఏడుపే. చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోయేది. అంత ఏడ్చీ, చివర్లో కళ్ళు తుడుచుకుని నిక్కచ్చిగా మార్కులు వేసేది. కుర్రాళ్ళు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

మనవాడు రెండుసార్లూ ఒక్క ప్రశ్న దగ్గరే బోల్తాపడ్డాడు. "మీ నాన్నయితే ఏం చేస్తావు బాబూ?" అని అడిగేది మేడమ్. అతనికి నోరు పెగిలేది కాదు. వాళ్ళ నాన్నకి ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత పదకొండు రోజులు గొట్టాల మధ్య పడుకుని, తలుపు వైపే చూస్తూ పోయాడాయన. బతికే వీలు ఎంతుందో ముందుగా ఒక్క డాక్టరూ చెప్పలేదు.

మేడమ్ ఫైలు బల్లమీద పెట్టింది. "చూసి చెప్పు బాబూ."

ఫైలు మామూలుకన్నా లావుగా ఉంది. పెద్ద డాక్టరు ఈసారి పట్టుబట్టి తయారుచేసినట్టున్నాడు అనుకుంటూ కాగితాలు తిరగేశాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకింది. గుండె సగమే పనిచేస్తోంది.

"అమ్మా, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇలాంటివాళ్ళు వందమంది ఆపరేషన్ చేయించుకుంటే, ముప్ఫైమంది ఆస్పత్రి దాటి బయటికి రారు. మిగతావాళ్ళు ఓ నాలుగు నెలలుంటారు. అదీ మంచంలోనే."

"చేయించకపోతే?"

"రెండు మూడు నెలలు. నొప్పి తెలీకుండా మందులిస్తాం. ఇంట్లో, మీ దగ్గరే ఉంటారు."

అంకెలు కాగితం మీద రాసి చూపించాడు. ఖర్చూ రాశాడు. సరిగ్గా ఇక్కడే ఆవిడ భోరుమనాలి. ఏడవలేదు. కాగితం వంకే చూస్తూ కూర్చుంది. ఎక్కడో మార్కులు పోయాయనుకున్నాడు.

"డబ్బుకి చూసుకుని వదిలేసిందని ఆయన అనుకుంటే?" అందావిడ.

ఈ ప్రశ్న ఇదివరకు ఎప్పుడూ అడగలేదు.

"ఆయన్నే అడగండమ్మా, ఏం కావాలో."

"అడిగాను. మన మంచం మీద పడుకోవాలనుందే అన్నారు."

ఆవిడ గొంతు కొంచెం వణికింది. అబ్బ, ఏం నటన అనుకున్నాడు.

"మీ నాన్నయితే ఏం చేస్తావు బాబూ?"

రానే వచ్చింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఇంటికి తీసుకెళ్తానమ్మా. రాత్రీ పగలూ పక్కనే కూర్చుంటాను. మాకెవరూ చెప్పలేదమ్మా... చెప్పుంటే అదే చేసేవాణ్ణి."

ఈసారి ఏడ్చింది అతనే. వెక్కివెక్కి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేడమ్ లేచి వచ్చి అతని తల నిమిరింది. అంకెల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"బాగా చెప్పావు నాయనా" అని వెళ్ళిపోయింది.

నాన్న పోయాక ఆయన గురించి పైకి మాట్లాడటం అతనికి అదే మొదలు. మొహం కడుక్కున్నా దుఃఖం ఆగలేదు. అయినా ప్రాణానికి కాస్త తెరిపిగా ఉంది. సాయంత్రం దాకా ఎలాగో ఓపికపట్టి, పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు.

"మేడమ్ నాకెన్ని మార్కులు వేశారు సార్?"

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి అతనికేసి చూశాడు.

"మార్కులేంటయ్యా, నీ పరీక్ష నేనింకా పెట్టనేలేదు, ఆవిడ వాళ్ళాయనకి ఆపరేషన్ వద్దని సంతకం పెట్టి, మధ్యాహ్నమే అంబులెన్సులో ఇంటికి తీసుకెళ్ళిపోయింది."