సరి అన్నదెవరు?

జపాన్‌లోని హొక్కైడోలో మా సాంకేతిక కళాశాల బాయిలర్ గదికి ఒక నియమం ఉంది. తనిఖీలో ఒకరు ఒక్కోదాని వైపు వేలు చూపించి దాని పేరు కేక వేస్తే, రెండోవాళ్లు "సరి" అని పలకాలి. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన నేను పాతికేళ్లుగా అలా పలుకుతూనే ఉన్నాను. చదువుకునేవాళ్లు మాత్రం పట్టా పుచ్చుకుని నాకే పైఅధికారులవుతారు.

ఆ మంచు రాత్రి ఇసోబె అనే విద్యార్థిని పరీక్షకు సాధన చేయడానికి వచ్చింది.

"నీళ్ల మట్టం!" అని వేలు చూపించింది. నేను కావాలనే పలకలేదు.

"సరి" అని వినిపించింది.

"గొంతేంటి బాబాయ్ అలా బొంగురుపోయింది? సాకే తాగడం ఎక్కువైందా?" అని నవ్వింది.

ఆ "సరి" బాయిలర్ పొయ్యి లోపలి నుంచి వచ్చింది. సాయంత్రం కూలీలు మసి గీకాక దాని తలుపు బిగించింది నేనే. బిగించే ముందు "లోపలెవరు?" అని అరవాలి. చలికి బద్ధకించి అరవలేదు. లోపల ఎవరో ఉండిపోయారని ఇప్పుడు బయటపెడితే రేపు నా ఉద్యోగం ఉండదు.

"మంట!" అంది ఇసోబె, పొయ్యి వెలిగించే మీట మీద వేలు పెట్టి.

ఈసారి లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"పలకవేం బాబాయ్, నిద్రపోయావా?"

"సరి" అన్నాను.