మొక్కు కూర

“లే, ఇంటికి పోదాం. నేనీడ కూసుండ,” అంటూ సంగయ్య చింతచెట్టు కింద పరిచిన చాప మీంచి లేవబోయాడు.

“కూసో! ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు?” భార్య అంతమ్మ అతని చెయ్యి పట్టి గుంజింది. “గీ ఎండకు పిల్లను ఇంట్ల రేకుల కింద ఉడకపెడుదమా?”

సంగయ్య కూర్చున్నాడు గానీ మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు.

మొయినాబాద్ దాటాక చెరువు కట్ట మీద ఉండే ఈ మైసమ్మకు ప్రతి ఆదివారం మొక్కులు తీర్చుకుంటారు. కోడినో మేకపోతునో కోసి అక్కడే వండుతారు. మొక్కు కూర ఒక్క ముక్క కూడా ఇంటికి మోసుకుపోకూడదు. చుట్టుపక్కల ఎవరు కనబడితే వాళ్లను పిలిచి పెట్టాల్సిందే. అంతమ్మకు ఈ సంగతి బాగా తెలుసు. చేవెళ్ల నుంచి ఆడవాళ్లకు బస్సు ఎలాగూ ఫ్రీ. ఈ వేసవిలో కూతురు సమతను వెంటబెట్టుకుని ఇదివరకే వచ్చి, చెరువు గాలి పీల్చుకుని, కడుపునిండా తిని వెళ్లింది. ఈసారి మొగుణ్ని కూడా లాక్కొచ్చింది. మొత్తం షికారుకు ఖర్చంటూ ఏమైనా అయితే అది సంగయ్య బస్సు టికెట్టే.

తిండికోసమే వచ్చినట్టు కనబడితే పరువేముంటుంది, పాపం! అందుకని ఒక ఖాళీ వంట గంజు మీద గుడ్డ కప్పి పక్కన పెట్టుకుంది.

అయితే ఎండకు భయపడి ఇవాళ జనం రాలేదు. వీళ్లు కాక అక్కడ ఒక్క కుటుంబమే ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. గుడి ముందు, మూడు రాళ్ల పొయ్యి పక్కనే కూర్చున్నారు. మూతపెట్టిన పెద్ద తపేలా, ఒక గోనెసంచి దగ్గరున్నాయి. ఆ మనిషి మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు.

“పోతును తెచ్చెటోళ్ల కోసం చూస్తున్నడు,” అంది అంతమ్మ నమ్మకంగా.

“నాకు గీ అడుక్కతినుడు వద్దు.”

“అడుక్కతినుడేంది? అమ్మోరి బువ్వ అది. మనం తింటెనే వాళ్ల మొక్కు చెల్లుతది. వాళ్లకు మనమే సాయం చేస్తున్నం!”

సమత తండ్రి మోకాలు పట్టుకుని ఊపింది. “బాపు, మా క్లాసోళ్లు రిసార్ట్‌కు పోయిండ్రట. నేను చెరువుకాడ మటన్ తిన్న అని చెప్త.”

ఎండలు ముదిరాక సంగయ్యకు సెంట్రింగ్ పని బందయింది. ఇంట్లో మటన్ వాసన తగిలి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అవతల పొయ్యి వెలగనేలేదు. సమత తల్లి ఒడిలో వాలిపోయింది. పెదాలు ఎండిపోయాయి.

“బాపు, నాకు ఆకలైతలేదు తీ. ఇంటికి పోదాం,” అంది, అవతలి తపేలా మీంచి చూపు తిప్పకుండానే.

ఆ అబద్ధం విని సంగయ్య ఇక కూర్చోలేకపోయాడు. తువ్వాల దులుపుకుని లేచాడు.

“యాడికి?” అంది అంతమ్మ కంగారుగా.

“వాళ్ల దగ్గరికి. కట్టెలు కొడ్త, నీళ్లు మోస్త, ఏ పని చెప్తే ఆ పని చేస్త. కష్టం చేసి పిల్లకు ఇంత కూర అడిగితే తప్పేంది?”

నాలుగడుగులు వేశాడో లేదో, అవతలి మనిషి కూడా లేచాడు. ఇటే వస్తున్నాడు.

అంతమ్మ మొహం విప్పారింది. “చూసినవా! పిలువనీకే వస్తున్నడు. లే బిడ్డా, చేతులు కడుక్కో.”

సంగయ్యకు ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచి అడిగే బాధ తప్పింది. చాలా రోజుల తర్వాత మనసారా నవ్వుతూ ఎదురెళ్లాడు. ఆ మనిషి కూడా నవ్వబోయాడు గానీ నవ్వు సరిగా రాలేదు. ఒకసారి వెనక్కి తిరిగి తన పిల్లల వైపు చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

“ఏమనుకోకు అన్నా... మీరు పొయ్యి ఎప్పుడు ముట్టిస్తరు? పొద్దటి సంది మా పిల్లలు మీ దిక్కే చూస్తున్నరు.”