ఎవరి వంతు?

“మళ్లీ చింపేశాడండీ!” పెద్దింటమ్మ, గోచీపాతతో ఉన్న మనిషిని కానిస్టేబులు గంగరాజు ముందుకు తోసింది.

అతడిది ఏ ఊరో ఎవరికీ తెలీదు. తొలకరికి ముందు ఆ కొల్లేటి లంకకు వచ్చి, బోర్లించిన పాత దోనె కింద కాపురం పెట్టాడు.

దేశదిమ్మరి కేసు రాయమన్నారు పైవాళ్లు. గంగరాజుకు మనసొప్పలేదు. ఊరిని కూర్చోబెట్టి ఒప్పించాడు. వంతులవారీగా ఇంటింటి అన్నం, నెలకో పంచె. పైవాళ్ల సంగతి తను చూసుకుంటానన్నాడు.

అన్నం సాగింది. పంచెలే నిలవలేదు. చివరికి గంగరాజు తన పాత ఎర్ర తలపాగా ఇచ్చాడు. అదీ రెండు రోజులే.

“పొద్దస్తమానం నీళ్లల్లోనే తిరుగుతాడండీ, ఈ అవతారంతో. ఆడోళ్లం రేవుకెళ్లొద్దా?”

“నా తలపాగా ఏం చేశావయ్యా?”

“కొల్లేరుకిచ్చానండి.”

“పాపం, కొల్లేరుకి చలేసిందేమో!” అన్నాడు దోనె నడిపే బంగారురాజు.

జనం గొల్లుమన్నారు. గంగరాజుకు తల కొట్టేసినట్టయింది.

“ఈ వానలు వెళ్లేదాకా ఉండనివ్వండి బాబూ. ఆనక నేనే పోతాను.”

ఒక్కరూ ఒప్పుకోలేదు. గంగరాజుతో సహా.

మధ్యాహ్నానికల్లా అతణ్ని ఆకివీడు వైపు రేవులో దింపేసి, తాడేపల్లిగూడెం సత్రానికి దారి చెప్పి వచ్చారు.

పదిరోజులకు ముసురు పట్టింది.

పెద్దింటమ్మ కోడలు సావిత్రికి నొప్పులొచ్చాయి. ఏలూరు ఆసుపత్రికని బయల్దేరిన బంగారురాజు దోనె, దారి తప్పి పొద్దుగూకేదాకా మనిషెత్తు కిక్కిస గడ్డిలోనే తిరిగింది.

సావిత్రి దక్కింది. బిడ్డ దోనెలోనే పుట్టి, దోనెలోనే పోయింది.

“దారి చూపే వెదురుగడలేవయ్యా?” అడిగాడు గంగరాజు.

“గాలికి పడిపోయినట్టున్నాయండి. ఒక్కటీ కనబళ్లేదు.”

“పడితే మళ్లీ పాతి, గుడ్డ కట్టే వంతు ఈ ఏడు ఎవరిది?”

“పడమటి వీధోళ్లదండి.”

“మాదెందుకండీ? తూర్పు వీధోళ్లదే!”

“మరి మొన్నటిదాకా పాతిందెవరు?”

“మేం కాదండి!” అన్నాయి రెండు వీధులూ ఒక్కసారే.

గంగరాజు సత్రానికి కబురంపాడు. అలాంటి మనిషి రానేలేదన్నారు.

తెరిపివ్వగానే తనే దోనెలో వెళ్లి చూశాడు. దారి పొడుగునా గడలన్నీ పడి నీళ్లమీద తేలుతున్నాయి.

ఏలూరు దగ్గరి ఆఖరి మలుపులో మాత్రం ఒక్కటి నిలబడి ఉంది.

దాని కొసన, ముడి మీద ముడి వేసి కట్టిన గంగరాజు ఎర్ర తలపాగా పేలిక రెపరెపలాడుతోంది.