నాయన వాసన

పాప ఎడమ చెంపంతా ఎర్రటి దద్దుర్లు. కోసిగి ఆశా కార్యకర్త సుంకమ్మ వంగి చూసింది.

"సబ్బు మార్చినావా?"

"లేదక్కా."

"పడకలో కొత్త గుడ్డేమన్నా ఏసినావా?"

తల్లి నాగవేణి, పాప తల కిందున్న మొగుడి చొక్కా తీసిచ్చింది. "గుంటూరు మిరప కోతల నుంచి వచ్చి ఒక్క పూట ఉండి పోయినాడు. బిడ్డను ఎత్తుకోనే లేదు. నాయన వాసనన్నా తెలియాలని, ఉతక్కుండా పరుస్తాండా."

సుంకమ్మ చొక్కా వాసన చూసి తుమ్మింది. "మిరప ఘాటు అమ్మీ ఇది. పసితోలు తట్టుకుంటాదా?"

నాగవేణి చొక్కాను దూరంగా పెట్టి, చేతులు కడుక్కొని వచ్చింది.

"చేతులు ఎనక పెట్టుకొని చూసినాడక్కా బిడ్డను. ఆడపిల్ల పుట్టిందని ముట్టుకోలేదనుకొని, పోతాంటే నేను పలకనైనా పలకకపోతి."