పెట్టె అడిగిన ప్రశ్న

పొదిగే నల్లకోడిని పొద్దున పిల్లి ఎత్తుకుపోయింది. సగం పొదిగిన గుడ్లను మా తోడికోడలు సన్నెమ్మక్క పొదుగుపెట్టెలో పెట్టింది. పెట్టె దీపం వెలిగింది గానీ లోపల వేడెక్కలేదు. ఇంకాసేపు అలాగే ఉంటే పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతాయి.

ఇప్పుడు ప్రతి వస్తువుకూ సొంత జ్ఞాపకం ఉంటోంది. వాటిని బాగుచేసే పైడితల్లి పిలవగానే పరుగున వచ్చింది. పెట్టె తన జ్ఞాపకాన్ని ఏమడుగుతోందో పైకి వినిపించే మీట నొక్కింది. చప్పుడు లేదు.

“పాడైపోనాదేటే?” అన్నాను.

“లేదు పిన్నీ. అది లేచినప్పుడే అడిగేస్తాది. లేచినాక సెవి పెడితే ఏటి ఇనపడతాది? లేవకముందే పెట్టాల.”

పెట్టెను ఆర్పి, ముందు మీట నొక్కి, తర్వాత లేపింది. ఎంత ఉపాయం! వెంటనే పెట్టె గొంతు వినిపించింది.

“ఈ రోజు వరకు వచ్చిన గుడ్లు ఉన్నాయా?”

“లేవు. రేపు వస్తాయి,” అంది దాని జ్ఞాపకం.

పైడితల్లి సన్నెమ్మక్క వైపు తిరిగింది. “గుడ్లెప్పుడు పెట్టినావని పెట్టె అడిగితే ఏటి సెప్పినావు పెద్దమ్మా?”

“ఇయ్యాల అమాస కదే! రేపు పాడ్యమినాడని సెప్పినాను.”

పైడితల్లి నవ్వాపుకుంటూ తేదీ మార్చి, పెట్టెను మళ్లీ ఆర్పి లేపింది. పెట్టె మళ్లీ అడిగింది. ఈసారి “ఉన్నాయి” అని బదులొచ్చింది. మూత మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది.

సన్నెమ్మక్క ముక్కున వేలేసుకుంది. “నాను సెప్పిన అబద్ధాన్నే నమ్ముకుని కూకుందా, పిచ్చిది!”